ఫిజియో సెంటర్‌కైనా, యోగా స్టూడియోకైనా బీమా: పాలసీ పేరు కన్నా ప్రపోజల్ ఫామ్‌లో రాసే లైనే ముఖ్యం

క్లుప్తంగా: ఫిజియోథెరపీ, యోగా, ఆయుర్వేదం, డైట్ సలహా, కౌన్సెలింగ్ వంటి వృత్తుల్లో ఉన్నవారికి ఒక్క పాలసీతో పని జరగదు. అలాగని ఏజెంట్ చూపించినవన్నీ కొనాల్సిన అవసరమూ లేదు. సేవ వల్ల జరిగే హానికి ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ, ఆవరణలో జరిగే ప్రమాదానికి పబ్లిక్ లయబిలిటీ, మెషిన్లకు ఆస్తి బీమా అన్నవి మూడూ వేర్వేరు. చేస్తున్న పనికీ, ప్రపోజల్ ఫామ్‌లో (పాలసీ కోసం కంపెనీకి నింపి ఇచ్చే దరఖాస్తులో) రాసిన పనికీ పొంతన లేకపోతే ఏ పాలసీ ఉన్నా అక్కరకు రాకపోవచ్చు.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా, జీవిత బీమా ప్రీమియంలపై జీఎస్టీ ఎత్తేశారు. అదే రోజు నుంచి జిమ్‌లు, సెలూన్లు, యోగా కేంద్రాల సేవలపై పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. రెండు వార్తలూ కలిసి రావడంతో క్లినిక్ కోసం తీసుకునే బీమా మీద కూడా పన్ను పోయిందని కొందరు అనుకుంటున్నారు. అది పోలేదు. మినహాయింపు వ్యక్తులు తమకోసం, తమ కుటుంబం కోసం తీసుకునే పాలసీలకే. వృత్తి, వ్యాపార పాలసీలపై 18 శాతం అలాగే ఉంది.

పైగా యోగా కేంద్రాలకు ఇందులో ఒక మెలిక కూడా ఉంది. 5 శాతం పన్ను కట్టేవారికి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. 10,000 రూపాయల ప్రీమియం మీద కట్టే 1,800 రూపాయల పన్నును ఇదివరకు తాము వసూలు చేసిన జీఎస్టీలో సర్దుకునేవారు. ఇప్పుడు అది నికరంగా చేతి ఖర్చు. గుర్తింపు ఉన్న వైద్యులు, పారామెడికల్ నిపుణులు చేసే చికిత్సకు జీఎస్టీ లేదు కాబట్టి వారికి ఈ క్రెడిట్ మొదటి నుంచీ లేదు. కాబట్టి కొటేషన్లు పోల్చేటప్పుడు పన్ను కలిపిన మొత్తాన్నే చూడాలి.

పన్ను సంగతి అంతవరకే. ఇంతకన్నా పెద్ద గందరగోళం ఏ పాలసీ దేనికి పనికొస్తుందన్న దగ్గర ఉంది.

## ఒకే ప్రమాదం, నాలుగు పాలసీలు

ఒక యోగా స్టూడియోలో క్లాసు జరుగుతుండగా ఒకామె పడి మణికట్టు విరిగిందనుకుందాం. డబ్బు ఏ పాలసీ ఇవ్వాలన్నది ఆమె ఎందుకు పడిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

అప్పుడే తుడిచిన నేల తడిగా ఉండి జారితే అది ఆవరణకు సంబంధించిన నిర్లక్ష్యం, పబ్లిక్ లయబిలిటీ పాలసీ కిందికి వస్తుంది. శరీరం సహకరించని ఆసనంలోకి టీచర్ బలవంతంగా వంచడం వల్ల పడితే అది వృత్తిపరమైన పొరపాటు, ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ చూసుకోవాలి. పడిన వ్యక్తి క్లయింట్ కాకుండా జీతానికి పనిచేసే అసిస్టెంట్ అయితే ఉద్యోగుల పరిహార పాలసీ. స్టూడియో తన పేరుతో అమ్మిన బెల్టు తెగడం వల్ల పడితే విషయం ప్రొడక్ట్ లయబిలిటీ వైపు వెళుతుంది.

ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ ఉంది కదా, అన్నీ అందులోకే వస్తాయన్న భరోసా ఇక్కడే దెబ్బతీస్తుంది. మన దేశంలో అమ్మే డాక్టర్ల ఇండెమ్నిటీ పాలసీల మినహాయింపుల జాబితాలో ‘థర్డ్ పార్టీ పబ్లిక్ లయబిలిటీ’ సాధారణంగా ఉంటుంది. అంటే తడి నేల మీద జారిన కేసుకు ఆ పాలసీ పైసా ఇవ్వదు. చిన్న క్లినిక్‌లకు, షాపులకు అమ్మే ప్యాకేజీ పాలసీల్లో పబ్లిక్ లయబిలిటీ ఒక సెక్షన్‌గా దొరుకుతుంది. కాకపోతే దాన్ని ఎంచుకుంటేనే షెడ్యూల్‌లోకి, అంటే కవర్లు, మొత్తాలు రాసి ఉండే పాలసీ పట్టికలోకి వస్తుంది. సెక్షన్ పేరు ఉండి, ఎదురుగా బీమా మొత్తం రాసే గడిలో గీత ఉంటే అది లేనట్టే లెక్క.

ఇంకో గందరగోళం కూడా ఉంది. 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం ప్రమాదకర రసాయనాలు వాడే సంస్థల కోసం వచ్చింది. క్లినిక్ తీసుకునే పబ్లిక్ లయబిలిటీ పాలసీకి, ఆ చట్టం కింద తప్పనిసరిగా తీసుకునే పాలసీకి పేరు దగ్గరగా ఉన్నా పని వేరు.

## కేసులు ఏ దారిలో వస్తాయి

వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటి నుంచి రోగికి సివిల్ కోర్టు కన్నా సులువైన దారి దొరికింది. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కిందా అదే కొనసాగుతోంది. యోగా, జిమ్, డైట్ ప్లాన్ లాంటివి వైద్యమా కాదా అన్న చర్చ ఇక్కడ పెద్దగా అవసరం లేదు. డబ్బు తీసుకుని చేసే సేవ కాబట్టి లోపం ఉందంటే ఫిర్యాదు చేయవచ్చు.

ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలా, రాష్ట్ర కమిషన్‌కా అన్నది పరిహారం ఎంత అడిగారన్న దాన్ని బట్టి కాదు, సేవకు చెల్లించిన మొత్తాన్ని బట్టి ఉంటుంది. 50 లక్షల రూపాయల వరకు జిల్లా కమిషనే. ఫిజియో సెషన్లకు, డైట్ ప్యాకేజీకి ఎవరూ 50 లక్షలు కట్టరు. కాబట్టి ఈ వృత్తులవారి మీద కేసు దాదాపుగా జిల్లా కమిషన్‌లోనే మొదలవుతుంది. సంఘటన జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి, తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలూ ఉంది. ఈ రెండేళ్ల గడువు బీమాకు ఎందుకు కీలకమో కాసేపట్లో తెలుస్తుంది.

పరిహారాలు ఎంతవరకు వెళ్లగలవో చెప్పడానికి హైదరాబాద్ నిమ్స్ కేసును తరచూ ఉదహరిస్తారు. 1990లో జరిగిన శస్త్రచికిత్స తర్వాత ఒక ఇంజినీరింగ్ విద్యార్థి నడుము కింద చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. జాతీయ కమిషన్ ఇచ్చిన పరిహారాన్ని 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలకు పెంచింది. అనుమతి తీసుకున్నది పరీక్ష కోసం ముక్క తీయడానికైతే, చేసింది కణితి తొలగించే ఆపరేషన్ అన్నది ఆ తీర్పులో ముఖ్యమైన అంశం. కోల్‌కతాలో 1998లో జరిగిన ఒక మరణం కేసులో 2013లో సుప్రీంకోర్టు దాదాపు 6 కోట్ల రూపాయలు, దానిపై వడ్డీ ఇప్పించింది. ఇవి పెద్ద ఆస్పత్రుల కేసులు, చిన్న సెంటర్ల మీద అంత మొత్తం పడే అవకాశం తక్కువ. అయినా రెండింటిలోనూ గమనించాల్సింది కాలం. సంఘటనకూ తుది తీర్పుకూ మధ్య ఒకదానిలో 15 ఏళ్లు, మరోదానిలో దాదాపు 19 ఏళ్లు. లాయర్ ఫీజులు ఏళ్ల తరబడి నడుస్తాయి, పరిహారంపై వడ్డీ పెరుగుతూ పోతుంది. చిన్న క్లినిక్‌ను దివాలా తీయించేది ఒక్కోసారి పరిహారం కాదు, ఈ సాగదీతే.

## హాట్ ప్యాక్ కేసు ఎలా పుడుతుంది

ఫిజియో సెంటర్లలో హాట్ ప్యాక్ రోజూ వాడేదే. ప్యాకులు ఉంచే నీటి తొట్టెలో వేడి 70 డిగ్రీల సెల్సియస్ పైనే ఉంటుంది. తీసి, తువ్వాళ్లు పొరలు పొరలుగా చుట్టి, నడుముకో మోకాలికో పెడతారు. మామూలు మనిషికి వేడి ఎక్కువైతే ‘అబ్బా, కాలుతోంది’ అంటాడు. చాలా ఏళ్లుగా మధుమేహం ఉండి నరాలు దెబ్బతిన్న వ్యక్తికి ఆ స్పర్శే తెలియదు. అసిస్టెంట్ పక్క బెడ్ దగ్గరికి వెళ్లి వచ్చేసరికి పొక్కు లేచి ఉంటుంది. మధుమేహం ఉన్నవారిలో ఆ పుండు త్వరగా మానదు, ఇన్ఫెక్షన్ సోకితే ఆస్పత్రిలో చేరాల్సి వస్తుంది.

కమిషన్ ముందు అడిగే ప్రశ్నలు తేలిగ్గానే ఊహించవచ్చు. మధుమేహం ఉందా అని మొదటి రోజు అడిగారా? అడిగినట్టు కాగితం ఉందా? స్పర్శ పరీక్ష చేశారా? ప్యాక్ పెట్టింది అర్హత ఉన్న ఫిజియోనా, ఆరు నెలల కిందట చేరిన హెల్పరా? ఇవే ప్రశ్నలు బీమా కంపెనీ కూడా అడుగుతుంది. చివరి ప్రశ్న మరీ సున్నితమైనది. అర్హత లేని సహాయకులు చేసిన పని వల్ల వచ్చే బాధ్యతను కవర్ చేయాలంటే చాలా పాలసీల్లో అదనపు ప్రీమియం కట్టి విడిగా చేర్పించుకోవాలి. ఆ గడిలో టిక్ లేకపోతే, సెంటర్ పేరు మీద పాలసీ ఉన్నా, హెల్పర్ పెట్టిన ప్యాక్ వల్ల వచ్చిన క్లెయిమ్ ఇరుకున పడుతుంది.

కేస్ షీట్, సంతకం ఉన్న అంగీకార పత్రం, స్పర్శ పరీక్ష నోట్ బీమాలో భాగం కావు. అయినా క్లెయిమ్ నిలబడేది వాటి మీదే.

## ‘వృత్తి వివరాలు’ అన్న గడి

ప్రపోజల్ ఫామ్‌లో వృత్తి వివరాలు రాయడానికి ఒకటి రెండు లైన్ల చోటు ఉంటుంది. ఎక్కువసార్లు ఏజెంటే ‘ఫిజియోథెరపీ క్లినిక్’ అనో ‘యోగా సెంటర్’ అనో రాసేస్తారు. కంపెనీ భుజాన వేసుకునే బరువు ఎంతో నిర్ణయించేది ఆ లైనే.

ఈ రంగంలో పనులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. ఫిజియో డ్రై నీడ్లింగ్ (కండరాల్లోకి సన్నని సూదులు గుచ్చడం), కప్పింగ్ (చర్మం మీద కప్పులు పెట్టి పీల్చేలా చేయడం) నేర్చుకుని మొదలుపెడతారు. యోగా టీచర్ షుగర్‌కు డైట్ చార్ట్ ఇస్తారు. డైటీషియన్ ప్రొటీన్ పౌడర్ అమ్ముతారు. ఆయుర్వేద వైద్యులు పంచకర్మతో పాటు తామే తయారుచేసిన చూర్ణం ఇస్తారు. బ్యూటీ క్లినిక్‌లో లేజర్ వస్తుంది. ఇవన్నీ ఒకరోజు నిర్ణయాలు కావు, క్లయింట్లు అడగడం వల్ల మెల్లగా చేరతాయి. ఫామ్‌లోని లైన్ మాత్రం మొదటి ఏడాది రాసిందే ఉంటుంది. ఛాతీ, మెడ భాగాల్లో డ్రై నీడ్లింగ్ చేసేటప్పుడు సూది ఊపిరితిత్తి పొరకు తగిలి గాలి చేరడం అరుదైనా తెలిసిన ప్రమాదమే. ‘వ్యాయామం, ఎలక్ట్రోథెరపీ’ అని రాసి తీసుకున్న పాలసీ ఆ కేసుకు వర్తిస్తుందన్న నమ్మకం లేదు.

బీమా ఒప్పందం పరస్పర విశ్వాసం మీద నడుస్తుంది. కంపెనీ నిర్ణయాన్ని ప్రభావితం చేసే విషయాన్ని దాచినా, తప్పుగా చెప్పినా క్లెయిమ్ తిరస్కరించడానికి దారి దొరుకుతుంది. అడగలేదు కాబట్టి చెప్పలేదనడం ఎప్పుడూ పనిచేయదు.

ఈ గడిలో అర్హతకూ పాత్ర ఉంది. పూనమ్ వర్మ వర్సెస్ అశ్విన్ పటేల్ కేసులో ఒక హోమియో వైద్యుడు రోగికి అల్లోపతి మందులు ఇచ్చారు, రోగి మరణించాడు. తాను అర్హత పొందని వైద్య విధానంలో మందులివ్వడమే నిర్లక్ష్యమని, దానికి వేరే రుజువు అక్కర్లేదని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. పాలసీల్లో ‘చట్టాన్ని ఉల్లంఘించి చేసిన పని’ మామూలు మినహాయింపు. అర్హత దాటి చేసిన చికిత్సకు కమిషన్‌లోనూ, బీమా కంపెనీ దగ్గరా రెండు చోట్లా దెబ్బ తప్పదు. మధుమేహం నయం చేస్తాం, ఊబకాయం పోగొడతాం లాంటి ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధిస్తోంది. క్లెయిమ్ సమయంలో అలాంటి ఫ్లెక్సీ ఫోటో ఒక్కటి ఫైల్లో చేరినా వాదన బలహీనపడుతుంది.

ఫిజియోలు పేరుకు ముందు ‘డాక్టర్’ అని పెట్టుకోవచ్చా అన్న వివాదం 2025 సెప్టెంబరులో రేగింది. పెట్టుకోకూడదంటూ కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఒక లేఖ ఇచ్చి, మర్నాడే వెనక్కి తీసుకుంది. బోర్డు మీద ఏమి ఉండాలన్నది వేరే చర్చ. ప్రపోజల్ ఫామ్‌లో మాత్రం డిగ్రీ, రిజిస్ట్రేషన్ వివరాలు ఉన్నవి ఉన్నట్టు రాయడమే మేలు. డాక్టర్ల కేటగిరీలో తేలిగ్గా పాలసీ వస్తుందని అలా రాయించుకుంటే ఆ సౌకర్యం క్లెయిమ్ వచ్చేదాకే.

ఇక్కడ మార్కెట్ లోపం కూడా ఒకటుంది. ప్రభుత్వ రంగ కంపెనీల ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీలు సంప్రదాయంగా కొన్ని వృత్తుల చుట్టూ తయారయ్యాయి: వైద్యులు, వైద్య సంస్థలు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, ఛార్టర్డ్ అకౌంటెంట్లు, లాయర్లు. యోగా టీచర్, వెల్‌నెస్ కోచ్, కౌన్సెలర్ ఈ గళ్లలో ఇమడరు. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం ఫిజియోలను, డైటీషియన్లను గుర్తించిన వృత్తుల జాబితాలో చేర్చింది కాబట్టి వారి పని కొంత తేలిక. యోగా టీచర్లకు ఆయుష్ శాఖ ఆధ్వర్యంలోని యోగా సర్టిఫికేషన్ బోర్డు సర్టిఫికెట్ ఉన్నా, అది లైసెన్సు కాదు. అలాంటివారు రెడీమేడ్ పాలసీ కోసం వెతకడం కన్నా బ్రోకర్ ద్వారా ప్రత్యేకంగా రాయించుకోవడం నయం. ఏజెంట్ కంపెనీ తరఫు మనిషి, బ్రోకర్ కొనేవారి తరఫున నాలుగు కంపెనీలను అడుగుతారు.

కౌన్సెలర్లు, సైకాలజిస్టులు మరో లైన్ వెతికి చదవాలి. కొన్ని ఇండెమ్నిటీ పాలసీల్లో ‘మానసిక వేదన, మానసిక గాయం, షాక్’ మినహాయింపుల్లో ఉంటాయి. ఎముకలు చూసే డాక్టర్‌కు ఆ లైన్‌తో పెద్ద ఇబ్బంది లేదు. మనసుతోనే పనిచేసేవారి పాలసీలో ఆ లైన్ ఉంటే ప్రీమియం దండగే. అలాగే బరువు తగ్గించే మందుల వాడకం కూడా పాత పాలసీల మినహాయింపుల్లో కనిపిస్తుంది. స్లిమ్మింగ్ సెంటర్లు గమనించాలి.

## రెన్యువల్ తప్పితే పోయేది ఒక్క ఏడాది కాదు

కారు బీమాలో ప్రమాదం జరిగిన రోజు పాలసీ ఉందా అన్నదే చూస్తారు. ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ అలా కాదు. మన దేశంలో ఇది ‘క్లెయిమ్స్ మేడ్’ పద్ధతిలో నడుస్తుంది. చికిత్స జరిగిన రోజుతో పాటు, నోటీసు అందిన రోజున కూడా పాలసీ నడుస్తూ ఉండాలి.

ఉదాహరణకు ఒక ఫిజియో 2024 ఏప్రిల్‌లో పాలసీ తీసుకున్నారు. ఆగస్టులో చికిత్స చేశారు. ఏ గొడవా రాలేదు కదా అని 2025 ఏప్రిల్‌లో రెన్యువల్ చేయలేదు. 2026 మార్చిలో లాయర్ నోటీసు వచ్చింది. రెండేళ్ల గడువు దాటలేదు కాబట్టి ఫిర్యాదు చెల్లుతుంది. నోటీసు వచ్చిన రోజున పాలసీ లేదు కాబట్టి బీమా చెల్లదు. చికిత్స చేసిన రోజున ప్రీమియం కట్టి ఉన్నారన్న మాట ఎక్కడా పనికిరాదు.

దీనికి జోడీగా ‘రెట్రో డేట్’ అనే తేదీ షెడ్యూల్‌లో ఉంటుంది. ఆ తేదీకి ముందు చేసిన పనికి కవర్ ఉండదు. మొదటిసారి పాలసీ తీసుకున్న రోజే సాధారణంగా రెట్రో డేట్ అవుతుంది, గడువు తప్పకుండా రెన్యువల్ చేస్తే అదే కొనసాగుతుంది. మధ్యలో తెగితే కొత్త పాలసీకి కొత్త తేదీ వేస్తారు, వెనకటి ఏళ్ల చికిత్సలన్నీ కవర్ బయటికి పోతాయి. తక్కువ ప్రీమియానికి ఆశపడి కంపెనీ మారేటప్పుడు కొత్త షెడ్యూల్‌లో పాత రెట్రో డేట్ వేశారో లేదో చూడకపోతే జరిగేదీ ఇదే. ప్రాక్టీస్ మానేసేవారు, విదేశాలకు వెళ్లిపోయేవారు కూడా కనీసం రెండేళ్లకు పైగా కవర్ ఎలా కొనసాగించాలో ముందే అడిగి పెట్టుకోవాలి.

## ఎంత మొత్తానికి తీసుకోవాలి

షెడ్యూల్‌లో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ఒక్క సంఘటనకు గరిష్ఠంగా ఇచ్చేది, రెండోది ఏడాది మొత్తానికి ఇచ్చేది. 20 లక్షల పాలసీ అన్నంత మాత్రాన ఒక్క కేసుకు 20 లక్షలు వస్తాయని కాదు. ఈ రెండు అంకెల నిష్పత్తి 1:4 అయితే ఒక్క కేసుకు 5 లక్షలే. ఒంటరిగా ప్రాక్టీస్ చేసేవారికి ఏడాదికి నాలుగు కేసులు రావడం అరుదు, ఒక్క పెద్ద కేసు రావడమే అసలు టెన్షన్. వారికి 1:1 నిష్పత్తి కొంచెం ఖరీదైనా అర్థవంతం. రోజూ వందలమంది వచ్చే సెంటర్‌కు లెక్క వేరు.

లాయర్ ఫీజులు కూడా సాధారణంగా ఈ పరిమితిలోంచే పోతాయి. 10 లక్షల పరిమితిలో రెండున్నర లక్షలు కోర్టు ఖర్చయితే పరిహారానికి మిగిలేది ఏడున్నర లక్షలు. ప్రతి క్లెయిమ్‌లో ముందుగా సొంతంగా పెట్టుకోవాల్సిన మొత్తం, అంటే ఎక్సెస్, విడిగా ఉంటుంది. కంపెనీ ముందస్తు అనుమతి లేకుండా పెట్టుకున్న లాయర్ ఖర్చు ఇవ్వకపోవడం కూడా మామూలే.

కార్పొరేట్ ఆస్పత్రిలో పార్ట్‌టైమ్ చేసేవారు ‘ఆస్పత్రి పాలసీ ఉందిగా’ అనుకుంటారు. ఆ పాలసీ ఆస్పత్రి బాధ్యతను కాపాడటానికి ఉన్నది. విజిటింగ్ నిపుణుల సొంత బాధ్యత అందులో ఉందో లేదో కాగితం మీద చూపించమని అడగాలి.

## మెషిన్లు, వరద, కరెంటు

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. గ్రౌండ్ ఫ్లోర్‌లో పెట్టుకున్న ఏ వ్యాపారానికైనా అలాంటి రోజు రావచ్చు. దీనికి పనికొచ్చేది ఆస్తి బీమా. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకే రకం పాలసీ పెట్టింది. ఒకచోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల రూపాయల లోపు ఉంటే ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’. అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం, అల్లర్లు ఇందులో ఉన్నాయి.

ఇందులో లేనివి రెండు గుర్తుంచుకోవాలి. మామూలు దొంగతనం లేదు. వరదో మంటో వచ్చిన తర్వాత 7 రోజుల్లోపు జరిగే దొంగతనం మాత్రమే ఉంది. తాళం పగలగొట్టి ల్యాప్‌టాప్ ఎత్తుకుపోతే బర్గ్లరీ పాలసీ కావాలి. రెండోది కరెంటు. వోల్టేజీ పెరిగి ఐఎఫ్‌టీ మెషిన్ (నొప్పి తగ్గించడానికి కరెంటు తరంగాలు పంపే పరికరం) లోపలే షార్ట్ అయి కాలిపోతే, ఆ మెషిన్‌కు ఈ పాలసీ డబ్బు ఇవ్వదు. ఆ మంట పక్కనున్న బెడ్‌కు అంటుకుంటే బెడ్‌కు ఇస్తుంది. మెషిన్ కోసం ఎలక్ట్రానిక్ పరికరాల పాలసీ విడిగా తీసుకోవాలి. ఫిజియో సెంటర్‌లో వరద కన్నా వోల్టేజీ సమస్యే తరచూ వచ్చేది కాబట్టి దీన్ని వదిలేయడం తెలివైన పొదుపు కాదు.

విలువ తగ్గించి రాయడం మరో చేటు. 10 లక్షల సామానుకు 6 లక్షలకే బీమా చేస్తే, 3 లక్షల నష్టం జరిగినప్పుడు అదే నిష్పత్తిలో 1.8 లక్షలే లెక్కకు వస్తుంది. సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో 15 శాతం వరకు తేడాను పట్టించుకోరు, అంతకు మించితే కోత తప్పదు.

## సిబ్బంది, ఆన్‌లైన్ క్లాసులు, రికార్డులు

పది మంది, అంతకన్నా ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థలకు ఈఎస్ఐ వర్తిస్తుంది. అంతకన్నా తక్కువ ఉంటే పనిలో గాయపడిన ఉద్యోగికి పరిహారం యజమానే ఇవ్వాలి. పాత ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చినా, ఈ బాధ్యత పోలేదు. ఇద్దరు ముగ్గురు హెల్పర్లున్న చోట ఈ పాలసీ ప్రీమియం పెద్ద భారం కాదు.

హైదరాబాద్‌లో కూర్చుని డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువారికి జూమ్‌లో యోగా నేర్పడం ఇప్పుడు మామూలైపోయింది. పాలసీలో ‘టెరిటరీ, జ్యూరిస్‌డిక్షన్’ అన్న లైన్‌లో సాధారణంగా ఇండియా అనే ఉంటుంది. అక్కడి క్లయింట్ అక్కడి కోర్టులో దావా వేస్తే ఈ పాలసీ పనిచేయదు. విదేశీ కవర్ అడిగినా అమెరికా, కెనడాలను మినహాయించి ఇవ్వడం బీమా రంగంలో పాత అలవాటు, అక్కడి పరిహారాలు, కోర్టు ఖర్చులు అంత ఎక్కువ కాబట్టి. డాలర్లలో ఫీజు తీసుకునేవారు ఈ లైన్‌ను ముందే సరిచూసుకోవాలి.

క్లయింట్ల రిపోర్టులు ఫోన్‌లో, వాట్సాప్‌లో ఉంచుకునేవారికి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వర్తిస్తుంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. భద్రతా చర్యలు తీసుకోనందుకు గరిష్ఠ జరిమానా 250 కోట్ల రూపాయలు. అది పెద్ద సంస్థలను దృష్టిలో పెట్టుకున్న అంకె. సైబర్ పాలసీ డేటా తిరిగి తెచ్చుకునే ఖర్చుకు, న్యాయ ఖర్చులకు పనికొస్తుంది. జరిమానాకు ఆసరా అవుతుందని లెక్కపెట్టుకోకూడదు. ఒక్క మనిషి నడిపే చిన్న సెంటర్ దీన్ని చివరి ప్రాధాన్యంగా పెట్టుకున్నా తప్పులేదు.

## బ్రిటన్‌లో తప్పనిసరి, ఇక్కడ ఐచ్ఛికం

బ్రిటన్‌లో రిజిస్టర్ అయిన ఫిజియోలు 2014 నుంచి చట్టప్రకారం ఇండెమ్నిటీ కవర్ లేకుండా ప్రాక్టీస్ చేయకూడదు. ఉద్యోగులున్న యజమాని కనీసం 50 లక్షల పౌండ్ల లయబిలిటీ బీమా చేయించాలి, లేకపోతే రోజుకు 2,500 పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు. ఆస్ట్రేలియాలోనూ రిజిస్ట్రేషన్‌కు ఇండెమ్నిటీ షరతు ఉంది. ఇక్కడి నుంచి ఆ దేశాలకు వెళ్లే తెలుగు ఫిజియోలు మొదట ఎదుర్కొనే కొత్త కాగితాల్లో ఇదొకటి.

తప్పనిసరి అయినప్పుడు వేలమంది ఒకేసారి కొంటారు. ఒక్కో వృత్తికి తగ్గ పాలసీ తయారవుతుంది, వృత్తి సంఘాలు సభ్యత్వంతో పాటే కవర్ ఇప్పిస్తాయి. మన దగ్గర ఫిజియోలకు, యోగా టీచర్లకు అలాంటి నిబంధన లేదు. కొనేవారు తక్కువ కాబట్టి కంపెనీలు వారికోసం ప్రత్యేకంగా రాయవు, డాక్టర్ల పాలసీనే అటూ ఇటూ సర్దుతాయి. పైన చెప్పిన మినహాయింపుల తలనొప్పికి మూలం చాలావరకు ఇదే. అలైడ్ హెల్త్ వృత్తులకు రాష్ట్ర కౌన్సిళ్లు పూర్తిగా పనిచేయడం మొదలైతే సంఘాల ద్వారా గ్రూప్ పాలసీలు అడిగే బలం వస్తుంది. యోగా, వెల్‌నెస్ రంగానికి ఆ ఆశ ఇప్పట్లో తక్కువ.

## నోటీసు వచ్చిన రోజు

మొదటి పని కంపెనీకి రాతపూర్వకంగా తెలపడం. కేసు వేస్తానని క్లయింట్ బెదిరించినా, రికార్డులు కావాలని లాయర్ ద్వారా అడిగినా చాలా పాలసీల్లో అది తెలియజేయాల్సిన విషయమే. ‘ఏదో ఒకటి మాట్లాడుకుందాం, ఖర్చులు మేమే పెట్టుకుంటాం’ అని వాట్సాప్‌లో రాయడం మానవత్వంగా సరైనదే కావచ్చు. పాలసీ షరతుల్లో అది కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోవడం అవుతుంది. క్లయింట్‌ను పరామర్శించడానికి, దగ్గరుండి ఆస్పత్రికి తీసుకెళ్లడానికి అడ్డేమీ లేదు. డబ్బు మాట, తప్పు మాట మాత్రం కంపెనీతో మాట్లాడాకే.

కంపెనీ క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు వారి ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఈ వేదిక వ్యక్తులకే కాక సొంత యాజమాన్యంలో నడిచే సంస్థలకు, సూక్ష్మ సంస్థలకు కూడా అందుబాటులో ఉంది. పరిమితి 50 లక్షల రూపాయలు, ఫీజు లేదు, లాయర్ అవసరం లేదు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉంది. అక్కడ ఫైలు తెరిచేసరికి చూసే మొదటి కాగితాల్లో ప్రపోజల్ ఫామ్ ఒకటి. దాని కాపీ చాలామంది దగ్గర ఉండదు. పాలసీ తీసుకున్న రోజే ఏజెంట్ దగ్గర అడిగి తీసుకుని, ఏటా రెన్యువల్‌కు ముందు ఆ ఏడాది కొత్తగా మొదలుపెట్టిన సేవలను ఈమెయిల్‌లో కంపెనీకి తెలిపి, వాటిని చేర్చిన ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పును ధ్రువీకరించే కాగితం) తీసుకోవాలి.